కాలిమీద నొప్పిలేని నల్లమచ్చ.. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడేవారికి హెచ్చరిక

అరుదైన వైరస్ క్యాన్సర్‌పై అవగాహన అవసరం
మాత్రను హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే

కొండగట్టు: రామరావణ యుద్ధంలో మూర్ఛిల్లిన లక్ష్మణుని కోసం ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని తీసుకుపోతుండగా ముత్యంపేట దారిలో విరిగిపడిన ముక్కే కొండగట్టు అని స్థలపురాణం చెబుతుంది. ఔషధగిరి నుంచి రాలిన కొండ గనుక ఇక్కడికి వస్తే రోగం కుదుటపడుతుందని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ప్రజల నమ్మకం. మంగళ, శనివారాల్లో గుట్టకు వచ్చేవారిలో దేహబాధ చెప్పుకోవడానికి వచ్చేవారు తక్కువేమీ కాదు. ఆ సంచుల్లో కొబ్బరికాయతోపాటు కాగితంలో చుట్టిన చిన్న తెల్ల గోలీల పొట్లం కూడా కనిపించడం అరుదు కాదు. ఏ గోలీ అని అడిగితే ‘నొప్పుల గోలీ’ అంటారు. దాని అసలు పేరు వాడేవారికి తెలియదు. చాలాసార్లు అది స్టెరాయిడ్ అయి ఉంటుంది.

స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బుతుందని, మధుమేహం వస్తుందని, ఎముకలు గుల్లబారతాయని ఇప్పుడు చాలామందికి తెలుసు. అంతగా తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. నెలలు, ఏళ్ల తరబడి ఈ మందు వాడే కొద్దిమందిలో, ఒంట్లో నిద్రాణంగా ఉన్న ఒక వైరస్ మేల్కొని చర్మంపై క్యాన్సర్‌గా బయటపడుతుంది. దాని పేరు కపోసి సార్కోమా. మన దేశంలో ఇది బహు అరుదు. అరుదైనందువల్లనే చూసిన వెంటనే ఎవరికీ తట్టదు. కమిలిన మచ్చ అనో, తామర అనో, పుట్టుమచ్చ పెరిగిందనో నెలలు గడిచిపోతాయి. తొలిదశలో గుర్తిస్తే కొందరికి మందు మోతాదు తగ్గించడంతోనే మచ్చలు వెనక్కి తగ్గుతాయి. క్యాన్సర్లలో ఇటువంటి వెసులుబాటు ఉన్నవి అతి కొద్ది మాత్రమే.

వియన్నాలో మొదలు

1872లో వియన్నా నగరంలో మోరిట్జ్ కపోసి అనే చర్మవైద్యుడు ఐదుగురు రోగుల వివరాలు ప్రచురించాడు. పాదాలు, కాళ్లు, చేతులపై ఊదారంగు మచ్చలు, బుడిపెలు వ్యాపించిన రోగులు వారు. హంగేరీలోని కపోస్వార్ పట్టణంలో పుట్టిన ఆ వైద్యుని పేరే వ్యాధికి స్థిరపడింది. ఆ తర్వాత శతాబ్దం పాటు ఇది మధ్యధరా ప్రాంతపు వృద్ధులకు, ఆఫ్రికా ఖండవాసులకు మాత్రమే వచ్చే జబ్బుగా గ్రంథాల్లో నిలిచిపోయింది.

1981లో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో యువకులకు ఇదే వ్యాధి ఉన్నట్లుండి సోకడంతో ప్రపంచం ఉలిక్కిపడింది. ఎయిడ్స్ అని తరువాత పేరుపడిన మహమ్మారికి అది తొలి ఆనవాళ్లలో ఒకటి. రోగనిరోధక శక్తి క్షీణించిన దేహంలో ఈ క్యాన్సర్ చెలరేగుతున్నదని అప్పుడు స్పష్టమైంది. కారకమైన సూక్ష్మజీవిని కనుగొనడానికి మరో 13 ఏళ్లు పట్టింది. 1994లో అమెరికాలో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ దంపతులు కణితి కణాల్లో కొత్త హెర్పిస్ వైరస్ జాడను పట్టుకున్నారు. దానికే మానవ హెర్పిస్ వైరస్-8 అని పేరు. పెదవులపై పొక్కులు, అమ్మవారు, అక్కిపూత కలిగించే వైరస్‌లదీ ఇదే కుటుంబం. ఒకసారి ఒంట్లో ప్రవేశిస్తే జీవితాంతం దాగి ఉండడం ఆ కుటుంబ లక్షణం.

వైద్యశాస్త్రం ఇప్పుడు ఈ వ్యాధిని ప్రధానంగా నాలుగు రకాలుగా చెబుతోంది. మధ్యధరా ప్రాంతపు వృద్ధుల్లో మెల్లగా సాగేది ఒకటి. ఆఫ్రికాలో పిల్లలతో సహా అన్ని వయసుల వారికీ వచ్చేది రెండవది. హెచ్‌ఐవీతో వచ్చేది మూడవది. నాలుగవది వైద్యం మూలంగా వచ్చేది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో, దీర్ఘకాలం స్టెరాయిడ్ తదితర నిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో కనిపించేది ఇదే.

దేవుడిచ్చిన మందు అనుకున్నారు

స్టెరాయిడ్‌ను దూషించి లాభం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక రోగికి ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆ రోగి లేచి నడవడం వైద్యలోకాన్ని విస్మయపరచింది. రెండేళ్లు తిరిగేసరికి, 1950లో, హెంచ్‌కు కెండాల్, రైఖ్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నాటి నుంచి నేటివరకు ఉబ్బసం, కీళ్లవాతం, లూపస్, మూత్రపిండాల వాపు, పెంఫిగస్ అనే బొబ్బల జబ్బు.. ఇన్నింటిలో లక్షలాది ప్రాణాలు నిలిపింది ఈ మందే. ఒకప్పుడు మరణశాసనంగా భావించిన పెంఫిగస్‌కు 1980లలో దిల్లీ ఎయిమ్స్‌లో రూపొందిన డెక్సామెథాసోన్ పల్స్ చికిత్స దేశమంతటా వ్యాపించింది. కొవిడ్ కాలంలో ప్రాణవాయువు అవసరమైన రోగుల్లో మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షల్లో తేలిన మందూ డెక్సామెథాసోనే.

ఆ మరుసటి ఏడే దాని రెండో ముఖం తెలుగునాట అందరూ చూశారు. అవసరం లేనివారికి, అవసరానికి మించి స్టెరాయిడ్ ఇవ్వడం, దానికి మధుమేహం తోడు కావడంతో బ్లాక్ ఫంగస్ విజృంభించింది. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. కళ్లు, దవడలు కోల్పోయిన కుటుంబాలు ఆ రోజులను ఇంకా మరచిపోలేదు. గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండే బూజే నిరోధక శక్తి పడిపోయిన దేహంలో మృత్యువైంది. కపోసి సార్కోమాలో జరిగేదీ ఆ కోవలోనిదే. అక్కడ బూజు బయటి నుంచి వచ్చింది. ఇక్కడ వైరస్ లోపలే పొంచి ఉంటుంది.

లోపల జరిగేదేమిటి

వైరస్ రక్తనాళాల లోపలి పొరలోని కణాల్లో చేరుతుంది. టి-కణాలనే కాపలాదారులు బలంగా ఉన్నంతకాలం అది తల ఎత్తదు. స్టెరాయిడ్ ఆ కాపలాను సడలిస్తుంది. అంతటితో ఆగక, కణితి కణాలు స్టెరాయిడ్‌ను గ్రహించే గ్రాహకాలను కలిగి ఉంటాయని, ఆ మందు సమక్షంలో అవి వేగంగా పెరుగుతాయని ప్రయోగశాల పరీక్షల్లో వెల్లడైంది. అంటే ఈ జబ్బు విషయంలో స్టెరాయిడ్ కాపలా తీసేయడమే కాదు, దొంగకు అన్నం కూడా పెడుతుంది. వైరస్ సోకిన కణాలు సూక్ష్మదర్శినిలో సన్నగా, రెండు కొసలూ మొనదేలి కదురు ఆకారంలో కనిపిస్తాయి. సిరిసిల్లవాసులకు కదురును వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. ఆ కణాల నడుమ కొత్త రక్తనాళాలు అస్తవ్యస్తంగా మొలుస్తాయి, వాటి నుంచి రక్తం కారి చర్మంలో ఇంకుతుంది. మచ్చకు ఊదారంగు రావడానికి అదే కారణం.

ఈ వైరస్ ప్రధానంగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. దాత అవయవం ద్వారా కూడా రావచ్చు. సోకిన వారందరికీ క్యాన్సర్ రాదు, అత్యధికులకు ఏమీ కాదు. ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లో సగానికి పైగా జనాభాలో ఇది ఉంటుంది. మధ్యధరా తీర దేశాల్లో అంతకన్నా తక్కువ, భారతదేశంలో ఇంకా తక్కువ. హెచ్‌ఐవీ తీవ్రంగా వ్యాపించిన రోజుల్లో సైతం మన దేశంలో కపోసి సార్కోమా అరుదుగానే కనిపించడానికి ఇదే కారణమని నిపుణుల భావన.

వలస కుటుంబాలకు ఒక మాట

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దాదాపు లేదు. సౌదీ అరేబియాలో 1980లలో మూత్రపిండ మార్పిడి రోగులను పరిశీలించినపుడు, మార్పిడి తరువాత వచ్చే కణితుల్లో కపోసి సార్కోమాదే ప్రధాన స్థానమని తేలింది. పాశ్చాత్య దేశాల రోగుల్లో అంతగా లేని జబ్బు అక్కడ ముందు వరుసలో నిలవడానికి ఆ ప్రాంతంలో వైరస్ ఎక్కువగా ఉండటమే కారణమని భావించారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినంత మాత్రాన భయపడవలసింది లేదు. అయితే అక్కడ చాలా ఏళ్లు ఉండి వచ్చి, ఇక్కడ స్టెరాయిడ్ గానీ మార్పిడి మందులు గానీ వాడుతున్న వ్యక్తికి చర్మంపై కొత్త మచ్చ వస్తే ఆ వలస సంగతి వైద్యునికి చెప్పడం మంచిది. అడగలేదు గనుక చెప్పలేదు అనే మాట దవాఖానాల్లో తరచూ వినిపిస్తుంది.

తెలంగాణలో మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారి సంఖ్య పెరుగుతోంది. మరణించిన దాతల అవయవాలను రోగులకు కేటాయించే జీవన్‌దాన్ పథకం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఆ రోగులు టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు జీవితాంతం వాడాలి. వారిలో ఈ క్యాన్సర్ వస్తే సాధారణంగా మార్పిడి జరిగిన తొలి రెండు మూడేళ్లలోనే వస్తుంది. వారికి ఒక అనుకూలత ఉంది, నెలనెలా వైద్యుడు చూస్తాడు. ఊళ్లో పొట్లంలో గోలీలు తెచ్చుకునే మనిషికి ఆ పర్యవేక్షణ కూడా లేదు.

మచ్చ ఎలా ఉంటుంది?

తెల్లవారిపై ఎర్రగా, ఊదారంగులో కనిపించే మచ్చ మన చామనఛాయ ఒంటిపై ముదురు గోధుమ, నలుపు కలిసిన ఊదారంగులో ఉంటుంది. మొదట చదునుగా ఉంటుంది. నొక్కితే నొప్పి ఉండదు, దురద ఉండదు. పాదాలు, చీలమండలు, పిక్కలు దానికి ఇష్టమైన చోట్లు. వారాలు, నెలల్లో మందమై పలకలా గట్టిపడుతుంది, తరువాత గింజలా, బుడిపెలా పైకి లేస్తుంది. ఒకటి రెండై, రెండు పదవుతాయి. కాలు వాస్తుంది. కొందరికి నోటిలో అంగిలిపైనా ఊదా మచ్చ కనబడుతుంది. కడుపులో, ఊపిరితిత్తుల్లో వ్యాపిస్తే నల్లటి విరేచనం, దగ్గులో రక్తం, ఆయాసం వస్తాయి. అవి ముదిరిన లక్షణాలు.

ఇక్కడే ఒక చిక్కుంది. స్టెరాయిడ్ వాడేవారి చర్మం పలుచబడి, చిన్న దెబ్బకే కమిలి నల్లబడుతుంది. అందువల్ల కొత్త మచ్చ వచ్చినా ‘ఎక్కడో తాకించుకున్నాను’ అనుకోవడం సహజం. కమిలిన మచ్చకు, దీనికి తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దెబ్బ మచ్చ రంగు మారుతూ పసుపు, ఆకుపచ్చగా తేలి రెండు మూడు వారాల్లో మాయమవుతుంది. కపోసి మచ్చ పోదు, పెరుగుతుంది. మూడు వారాలు దాటినా నిలిచి ఉన్న ఊదా మచ్చను చర్మవైద్యునికి చూపించాలి. బొడిపెను వేడి చువ్వతో కాల్చడం, దారంతో బిగించి కట్టడం, కోసి పారవేయడం వంటి పల్లె వైద్యాలు చేయరాదు. రక్తస్రావం మాట అటుంచి, పరీక్షకు పంపవలసిన ముక్క పోతుంది. జబ్బు పేరు తెలియకుండానే మచ్చ మాయమై, మరోచోట మొలుస్తుంది.

హనుమాన్ దీక్ష తీసుకుని చెప్పులు లేకుండా నడిచి చిన్న జయంతికి, పెద్ద జయంతికి గుట్టకు చేరేవారు వేలల్లో ఉంటారు. వారిలో ఉబ్బసం, కీళ్లవాతం రోగులూ ఉంటారు. ఎండకు కాలిన దారి మీద పలుచని చర్మం తేలికగా బొబ్బలెక్కుతుంది, చీలుతుంది, నల్లబడుతుంది. దీక్ష విరమించాక కూడా ఒక మచ్చ మిగిలిపోతే దానిని దీక్ష ఖాతాలో వేసి వదిలేయకూడదు. స్టెరాయిడ్ వాడే ప్రతి ఒక్కరూ స్నానవేళ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవడం నిమిషం పని. వంగలేని పెద్దవారికి ఇంట్లోని పిల్లలెవరైనా చూసి చెప్పవచ్చు.

ఇతర వైరస్‌లు సైతం

నిరోధక శక్తి తగ్గినపుడు చర్మక్యాన్సర్‌కు దారితీసే వైరస్ ఇదొక్కటే కాదు. పులిపిర్లు కలిగించే పాపిలోమా వైరస్‌లలో కొన్ని రకాలు మార్పిడి రోగుల్లో గుంపులుగా మొలిచి, ఎండ తగిలే చోట్ల పొలుసుల క్యాన్సర్‌కు తోడ్పడతాయని భావిస్తున్నారు. మార్పిడి లేకున్నా, నోటి ద్వారా స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడినవారిలో చర్మక్యాన్సర్లు కొంత ఎక్కువగా ఉన్నట్లు 2001లో అమెరికాలో, 2004లో డెన్మార్క్‌లో వెలువడిన పరిశీలనలు తెలిపాయి. అవి తెల్లజాతి ప్రజలపై జరిగినవి, మన చర్మానికి యథాతథంగా అన్వయించలేం. 2008లో చాంగ్, మూర్ బృందమే మెర్కెల్ కణ క్యాన్సర్ అనే మరో అరుదైన చర్మక్యాన్సర్‌లో ఇంకో వైరస్‌ను కనుగొంది. ఒకే జంట రెండు క్యాన్సర్ వైరస్‌లను పట్టుకోవడం విశేషమే.

చిన్న గోలీ చిన్నది కాదు

సిరిసిల్ల మరమగ్గాల వద్ద పగలూ రాత్రీ నిలబడేవారికి మోకాళ్లు, నడుము నొప్పులు తప్పవు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఒడిలో చాట పెట్టుకుని రోజంతా వంగి బీడీలు చుట్టే మహిళలకు మెడ, వేళ్లు పట్టేస్తాయి. కూలి పోగొట్టుకుని పట్నం దవాఖానాకు పోవడం కన్నా ఊళ్లోనే ఒక సూది వేయించుకోవడం చవక. సూది వేసిన సాయంత్రానికే నొప్పి మాయం. ఆకలి పెరుగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ముఖం నిండుగా కనబడుతుంది. ‘మంచి చేయి’ అని పేరు వస్తుంది. ఆ పేరు వెనుక ఉన్నది చాలాసార్లు డెక్సామెథాసోనో, బీటామెథాసోనో.

డెక్సామెథాసోన్ గోలీ 0.5 మిల్లీగ్రాములు అని చూసి అల్పమనుకుంటారు. నిజానికి 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానం. మన దేహం రోజుకు తనంతట తాను తయారుచేసుకునే కార్టిసాల్ దాదాపు ఆ మేరకే ఉంటుంది. పూటకు ఒకటి చొప్పున ఉదయం, సాయంత్రం రెండు 0.5 గోలీలు వేసుకునే మనిషి దేహానికి కావలసిన దానికన్నా అధికంగానే తీసుకుంటున్నట్లు. ఇక 4 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటీ దాదాపు 27 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం. ఏళ్ల తరబడి నడిచే మోతాదు కాదది.

చట్టరీత్యా ఈ గోలీలు, సూదులు షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదు. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2024లో తెలంగాణ వైద్య మండలి, ఔషధ నియంత్రణ శాఖ అధికారులు అర్హత లేనివారి క్లినిక్‌లపై పలుచోట్ల దాడులు చేసి స్టెరాయిడ్లు స్వాధీనం చేసుకున్నారు. ఆర్‌ఎంపీ అన్న మూడక్షరాలకు చట్టంలో నమోదైన వైద్యుడని అర్థం, ఊళ్లో నమోదు కాని వైద్యుడని అర్థం. అయితే అర్ధరాత్రి ఆయాసం వచ్చినపుడు తలుపు తీసే మనిషి ఊళ్లో అతనొక్కడే అన్నదీ కాదనలేని సత్యం. దాడులతో గోలీ ఆగుతుంది గానీ, మోకాలి నొప్పి ఆగదు. ఆ నొప్పికి తగిన వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకనంత వరకు పొట్లం తిరిగి ఏదో దారిలో వస్తూనే ఉంటుంది.

పూత మందులదీ ఇదే వరస. తామరకు, ముఖం తెలుపు కోసం వాడే క్రీముల్లో క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ వంటివి కలిసి ఉంటాయి. విచ్చలవిడి అమ్మకాలపై చర్మవైద్యుల సంఘం పోరాడిన ఫలితంగా 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించింది. పూత వల్ల కపోసి సార్కోమా రావడం అత్యంత అరుదు. కానీ అనుమానపు మచ్చపై ఆ క్రీము రాస్తే దాని రూపురేఖలు మారిపోయి నిర్ధారణ ఆలస్యమవుతుంది. వైద్యుని వద్దకు వెళ్లే ముందు ఏమి రాశారో ఆ గొట్టాన్నే వెంట తీసుకువెళ్లాలి.

హఠాత్తుగా మానితే

ఈ వార్త చదివి రేపటి నుంచి గోలీ పారవేస్తామనుకునేవారు ఆగాలి. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు మించి మూడు నాలుగు వారాలు దాటి వాడినవారు ఒక్కసారిగా ఆపితే ఆ గ్రంథులు వెంటనే లేవలేవు. నీరసం, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడంతో మొదలై రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. జ్వరం, విరేచనాలు, శస్త్రచికిత్స, ప్రమాదం వంటి సమయాల్లో ఈ ముప్పు రెట్టింపు. దేహం అప్పుడు ఎక్కువ కార్టిసాల్ కోరుతుంది గనుక వైద్యులు మోతాదును తగ్గించకపోగా పెంచుతారు. ఉపవాసాలు, దీక్షల పేరిట గోలీ మానడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఏళ్లుగా వాడినవారికి గ్రంథులు తిరిగి పని అందుకోవడానికి నెలలు పట్టవచ్చు, కొందరికి ఏడాది దాటుతుంది. అందుకే మెట్టు మెట్టుగా, వైద్యుని లెక్క ప్రకారం తగ్గిస్తారు.

నిర్ధారణ, చికిత్స

అనుమానం వచ్చినపుడు చర్మానికి మత్తు సూది వేసి, పెన్సిల్ మందాన చిన్న ముక్క తీస్తారు. పది నిమిషాల పని. ఆ ముక్కలో కదురు కణాలను వెదకడమే కాక, వైరస్ ప్రోటీన్‌కు రంగు పట్టించే ప్రత్యేక పరీక్ష చేస్తే సందేహం తీరుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. అది అవమానంగా భావించవలసిన పని లేదు, చికిత్స దారి దాని ఫలితాన్ని బట్టే మారుతుంది. నోరు చూస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే కడుపులోకి గొట్టం వేసి చూస్తారు.

వ్యాధి స్టెరాయిడ్ మూలంగా వచ్చినదైతే మొదటి మందు, ఆ మందును తగ్గించడమే. అసలు జబ్బు అదుపు తప్పకుండా స్టెరాయిడ్ స్థానంలో మరో మందును చేర్చుతూ మోతాదు దించుతారు. చాలామందిలో వారాలు, నెలల్లో మచ్చలు చదునై రంగు తగ్గి మాసిపోతాయి. మార్పిడి రోగుల్లో సమస్య జటిలం. మందులు తగ్గిస్తే దేహం కొత్త మూత్రపిండాన్ని తిరస్కరిస్తుంది, తగ్గించకపోతే కణితి పెరుగుతుంది. ఈ ఇరకాటానికి 2005లో ఇటలీ వైద్యులు ఒక దారి చూపారు. 15 మంది మార్పిడి రోగులకు సైక్లోస్పోరిన్ ఆపి సిరోలిమస్ అనే మందుకు మార్చగా, మూడు నెలల్లో అందరి చర్మం మీది మచ్చలూ తొలగిపోయాయి, మూత్రపిండాలు నిలిచాయి. ఆ సిరోలిమస్ పుట్టింది పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి. లోపలి అవయవాలకు పాకినవారికి డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులు, కొన్నిచోట్ల రేడియేషన్ అవసరమవుతాయి. ఈ వైరస్‌కు టీకా లేదు.

ఎక్కడ చూపించాలి

కొండగట్టు నుంచి జగిత్యాల సుమారు 15 కిలోమీటర్లు, కరీంనగర్ సుమారు 35 కిలోమీటర్లు. ఒకప్పుడు ముక్క పరీక్ష అంటే హైదరాబాద్ బస్సు ఎక్కవలసిందే. జగిత్యాలలో 2022లో, కరీంనగర్, సిరిసిల్లల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్య కళాశాల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం, ముక్కను పరిశీలించే పాథాలజీ విభాగం ఉంటాయి. మొదట అక్కడ చూపించుకుని, క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి, మూత్రపిండ రోగులైతే మార్పిడి జరిగిన ఆసుపత్రికే వెళ్లడం తగినది.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న గోలీల రేకులు, క్రీము గొట్టాలు అన్నీ ఒక సంచిలో వేసుకోవాలి. పొట్లంలో విడి గోలీలు ఇస్తుంటే రేకు అడిగి తీసుకోవాలి, ఇవ్వకపోతే ఆ గోలీనే చూపించాలి. మచ్చ ఎప్పుడు మొదలైందో జ్ఞాపకం చేసుకుని, సెల్‌ఫోన్‌లో వారానికొకసారి ఫొటో తీసి ఉంచితే పెరుగుదల వైద్యునికి కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది. స్టెరాయిడ్ వాడేవారు మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి, ఎందుకు అన్న నాలుగు వివరాలు కాగితంపై రాసి ఆధార్ కార్డు వెంట జేబులో పెట్టుకోవాలి. బ్రిటన్‌లో 2020 నుంచి ఇటువంటి రోగులకు అత్యవసర కార్డులు ముద్రించి ఇస్తున్నారు. ఇక్కడ నోటుపుస్తకం కాగితం చాలు, స్పృహ తప్పిన మనిషి చెప్పలేని మాటను ఆ కాగితం 108 సిబ్బందికి చెబుతుంది.